చెయ్యి వెయ్యొద్దు

కాచిగూడ స్టేషన్. 2019 నవంబర్ 11, సోమవారం. పొద్దున పదిన్నర దాటింది.

ప్లాట్‌ఫాం మీద రోజూ ఉండే హడావుడే. భుజాన బ్యాగులు, చేతిలో టిఫిన్ డబ్బాలు, చెవిలో ఫోన్లు. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ వచ్చి ఆగింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. సరిగ్గా అప్పుడే కర్నూలు సిటీ నుంచి సికింద్రాబాద్ పోవాల్సిన హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఎదురుగా స్టేషన్‌లోకి మెల్లగా వస్తోంది. దారి దానికిచ్చారు. లోకల్‌కి ఇంకా ఇవ్వలేదు.

లోకల్ కదిలింది.

తర్వాతి క్షణాలు సీసీ కెమెరాకి దొరికిపోయాయి. రెండు బండ్లూ ఎదురెదురుగా గుద్దుకున్నాయి. బోగీలు ఎగిరి పక్కకి ఒరిగాయి. దుమ్ము లేచింది. వేగం తక్కువ కాబట్టి చాలామంది గాయాలతో బయటపడ్డారు. కానీ లోకల్ ముందున్న కేబిన్ నలిగి ముద్దయింది. అందులో లోకో పైలట్ ఉన్నాడు. బతికే ఉన్నాడు.

గ్యాస్ కట్టర్లు తెచ్చారు, జాతీయ విపత్తు దళం దిగింది, డాక్టర్లు ఆ ఇనుప ముద్ద సందులోంచే ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు, ఒక రేకు కోస్తే ఇంకో రేకు అడ్డొస్తుంటే, ఎక్కడ కోస్తే ఆ మనిషికి తగులుతుందోనన్న భయంతో అంగుళం అంగుళం తెంపుకుంటూ పోతుంటే, పొద్దు నడినెత్తికొచ్చి, పడమటికి వాలి, దీపాలు వెలిగే వేళ కూడా అయిపోయింది. దాదాపు ఎనిమిది గంటలు. చివరికి బయటికి తీశారు. కొద్ది రోజులకే ఆస్పత్రిలో కన్నుమూశాడు.

సిగ్నల్ ఎర్రగా ఉండగానే లోకల్ కదిలిందని అధికారులు అన్నారు. ఎందుకు కదిలిందో చెప్పగలిగిన ఒక్క మనిషీ పోయాడు. రైల్వేలో దీనికో పొట్టి పేరుంది. స్పాడ్. ఎర్ర సిగ్నల్ దాటిపోవడం. ఏ లోకో పైలట్ దగ్గరైనా ఆ మాట ఎత్తి చూడండి, ముఖం మారిపోతుంది.

ఆ లోకల్ బయల్దేరింది లింగంపల్లి నుంచి. అదే లింగంపల్లి నుంచి రెండో దిక్కుకి, వికారాబాద్ వైపు వెళ్లే పట్టాల మీద, ఎర్ర సిగ్నల్ దాటబోతే ఇంజన్‌ని పట్టి ఆపే యంత్రం అప్పటికే పని చేస్తోంది.

* * *

రాత్రి పూట ఎక్స్‌ప్రెస్ ఇంజన్‌లో రెండు సీట్లుంటాయి. ఒకదాంట్లో లోకో పైలట్, రెండోదాంట్లో అసిస్టెంట్. ముందు అద్దం, దాని అవతల హెడ్‌లైట్ తవ్వుకుపోతున్న చీకటి. కాళ్ల కింద వణుకు. చెవుల్లో మోటార్ల హోరు. దూరంగా రెండు పసుపు చుక్కలు కనిపిస్తాయి.

"డిస్టెంట్... డబుల్ ఎల్లో!" అసిస్టెంట్ చెయ్యి చాపి గట్టిగా అంటాడు.

"డబుల్ ఎల్లో!" పైలట్ కూడా చెయ్యి చాపి అదే మాట తిప్పి అంటాడు.

ఇది కబుర్లు కాదు, రూలు. ప్రతి సిగ్నల్‌నీ ఇద్దరూ పైకి చెప్పాలి. కన్ను చూసింది నోరు చెప్పాలి, నోరు చెప్పింది రెండో మనిషి చెవిన పడాలి. ఎందుకంటే రైలు బ్రేకు వేసిన చోట ఆగదు. ఇనుము మీద ఇనుము జారుతుంది. గంటకి 100 కిలోమీటర్లు దాటి పోయే బండి పూర్తిగా ఆగేసరికి ఒక్కోసారి కిలోమీటరు దాకా పడుతుంది. ఎర్ర దీపం కళ్లబడ్డాక బ్రేకు వేద్దామంటే అప్పటికే ఆలస్యం. ముందే హెచ్చరించే పసుపు దగ్గరే బుర్ర పని చెయ్యాలి.

మరి బుర్ర ఒక్క క్షణం పని చెయ్యకపోతే?

దానికీ కేబిన్‌లో ఒక యంత్రం ఉంది. విజిలెన్స్ కంట్రోల్. నిమిషం పాటు పైలట్ ఏ హ్యాండిలూ కదపకపోతే, ఏ మీటా ముట్టకపోతే దీపం వెలుగుతుంది. తర్వాత బజర్. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బండి తనంతట తనే ఆగిపోతుంది. మంచిదే. కానీ మనిషి మెలకువగా ఉన్నాడా లేదా అన్న ఒక్కటే అది అడుగుతుంది. మెలకువగా ఉండి ఏం చూశాడో అడగదు. పక్క లైను సిగ్నల్‌ని తనదే అనుకుని ఠీవిగా బండి నడిపేవాణ్ని అది ఆపలేదు.

పొగమంచులో, కుండపోత వానలో, తెల్లవారుజాము మూడింటికి జరిగే ఘోరాలు ఆ సందులోంచే దూరతాయి.

* * *

1999 ఆగస్టు 2. ఉత్తర బెంగాల్‌లోని గైసల్ స్టేషన్. అర్ధరాత్రి దాటాక అవధ్ అస్సాం ఎక్స్‌ప్రెస్, బ్రహ్మపుత్ర మెయిల్ ఒకే పట్టా మీదికొచ్చి ఢీకొన్నాయి. 280 మందికి పైగా చనిపోయారు. ఈ దేశం ఎప్పటికీ మర్చిపోకూడని రాత్రుల్లో అదొకటి.

దాన్ని మర్చిపోలేని వాళ్లలో ఒక తెలుగు ఇంజనీరు ఉన్నారు. బొజ్జి రాజారాం. కొంకణ్ రైల్వేకి మేనేజింగ్ డైరెక్టర్‌గా చేసిన మనిషి. రెండు ఇంజన్లు దగ్గరికొస్తుంటే వాటంతట అవే కనిపెట్టి, మాట్లాడుకుని, ఆగిపోయే పరికరాన్ని ఆయన రూపొందించారు. దానికి పెట్టుకున్న పేరు రక్షా కవచ్. ఉపగ్రహం చెప్పే జాడ ఆధారంగా నడిచేది. ఆలోచన గొప్పది. ఈశాన్య సరిహద్దు రైల్వేలో బండ్లకి బిగించారు కూడా.

చిక్కు ఇంకోచోట వచ్చింది. పక్కపక్కనే నాలుగు పట్టాలున్న స్టేషన్‌లో బండి ఏ పట్టా మీదుందో జీపీఎస్ తేల్చి చెప్పలేకపోయింది. లేని ప్రమాదానికి బ్రేకులు పడేవి. ఇక్కడే ఇంజనీర్లకి ఒక సంగతి గట్టిగా తగిలింది. అనవసరంగా ఒకసారి ఆపిన యంత్రాన్ని డ్రైవర్ భరిస్తాడు. పదిసార్లు ఆపితే నమ్మడు. పదకొండోసారి అది నిజం చెప్పినా వినడు. కాపాడాల్సిన యంత్రం మీద మనిషికి నమ్మకం పోతే, అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

2012 మే 22. పెనుకొండ. తెల్లారకముందే హంపీ ఎక్స్‌ప్రెస్ వెళ్లి ఆగి ఉన్న గూడ్సుని గుద్దింది. బోగీ అంటుకుంది. రాయలసీమ మొత్తం ఉలిక్కిపడి లేచింది.

అదే ఏడాది, మొత్తం లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

* * *

ఈసారి ఆకాశం వైపు చూడలేదు. నేలకేసి చూశారు.

పట్టాల నడుమ స్లీపర్‌కి ఒక చిన్న ట్యాగ్ బిగించారు. మెట్రో కార్డులో ఉండే చిప్‌కి అన్నయ్య లాంటిది. దానికి కరెంటు అక్కర్లేదు. పైనుంచి ఇంజన్ దాటిపోయేటప్పుడు కింద బిగించిన రీడర్ దాన్ని చదువుతుంది. ఇది ఫలానా లైను, ఫలానా కిలోమీటరు. అంతే, బండి ఏ పట్టా మీదుందో ఇక అనుమానం లేదు. స్టేషన్ దగ్గర 40 మీటర్ల టవర్. స్టేషన్‌లోని సిగ్నళ్లు ఏ రంగులో ఉన్నాయో అక్కడి పెట్టె కనిపెట్టి, ఎంత దూరం పోవచ్చో రేడియోలో ఇంజన్‌కి చెబుతుంది. ఇంజన్‌లోని కంప్యూటర్ తన వేగం చూసుకుని, ఎక్కడ బ్రేకు మొదలెడితే ఎక్కడ ఆగుతానో క్షణక్షణం లెక్కేసుకుంటుంది. పైలట్ ఎదుట ఒక తెర. రాబోయే సిగ్నల్ రంగు, దాని దూరం, పోదగ్గ వేగం అన్నీ అందులో పడతాయి. బయట మంచు కమ్మి కంటికి చెయ్యి కనపడకపోయినా సిగ్నల్ మాత్రం కేబిన్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

దీన్ని మొదట టీకాస్ అన్నారు. తర్వాత కవచ్ అని పేరు పెట్టారు. నమూనా లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వోది. కానీ అది పుట్టి, తప్పటడుగులు వేసి, నడక నేర్చింది మాత్రం సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో. లింగంపల్లి, వికారాబాద్, వాడి. ఇటు వికారాబాద్ నుంచి బీదర్. ప్రయాణికుల బండ్ల మీద పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, తయారీకి మొదట అనుమతి దొరికిన ఈ మూడు కంపెనీలూ హైదరాబాద్‌వే. తార్నాక దగ్గరున్న ఇరిసెట్, 1957 నుంచి దేశం మొత్తానికీ సిగ్నల్ ఇంజనీర్లని తయారు చేస్తున్న బడి, కవచ్ పాఠాలకి కూడా కేంద్రమైంది. 2020లో ఇదే ఇక దేశమంతటికీ అన్నారు.

అన్నారు సరే. ఎర్ర సిగ్నల్ కనిపిస్తుంటే, చెయ్యి బ్రేకు మీద వెయ్యకుండా కూర్చోగల పైలట్ ఎవరు?

* * *

2022 మార్చి 4, శుక్రవారం. జాతీయ భద్రతా దినం.

శంకర్‌పల్లి దాటితే గుల్లగూడ. దాని తర్వాత చిట్టిగిద్ద. ఆ తర్వాత వికారాబాద్, అనంతగిరి కొండలు. ఎర్ర నేల, ఎండు గడ్డి. మార్చి వస్తే ఈ దారిలో ఆకు రాలిన మోదుగ చెట్లకి పువ్వు నిప్పు రంగులో పూస్తుంది. మధ్యాహ్నపు ఎండకి పట్టాల మీద గాలి కూడా వణుకుతుంది.

ఆరోజు ఇంజన్ కేబిన్‌లోకి రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కారు. రైల్వే బోర్డు చైర్మన్ వి.కె. త్రిపాఠి కూడా సికింద్రాబాద్ డివిజన్‌లో జరిగే ఈ పరీక్షకి వచ్చారు. యంత్రం మీద నమ్మకం ఉందని కాగితం మీద రాయడం వేరు, దాని ముందు సొంత ఒళ్లు పెట్టడం వేరు.

సిబ్బందికి షరతు ఒక్కటే. బ్రేకు ముట్టొద్దు. హారన్ ముట్టొద్దు.

వినడానికి చిన్న మాట. ఆ సీట్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాడికి అది ఎంత పెద్ద శిక్షో ఆలోచించండి. రోజూ వేల ప్రాణాలు తన అరచేతి కిందే ఉన్నాయని నేర్చుకున్న చెయ్యి అది. ఎర్ర రంగు కనిపిస్తే మనసు కంటే ముందు కదిలే చెయ్యి. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, ముందు పట్టా మీద ఇంకో ఇంజన్ ఉందని తెలిసి, పక్కన దేశపు రైల్వే మంత్రిని పెట్టుకుని, తెర మీద తగ్గుతున్న దూరాన్ని చూస్తూ, ఇప్పుడా, ఇంకా లేదా, ఇప్పుడా అని లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ, ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి.

ఒకే పట్టా. రెండు ఇంజన్లు.

దూరం తగ్గుతోంది.

కవచ్ ముందు హెచ్చరిస్తుంది. పైలట్ స్పందిస్తాడేమోనని చూస్తుంది. అది దాని మర్యాద. స్పందించకపోతే బ్రేకు అందుకుంటుంది, చాలకపోతే ఇంకా గట్టిగా పడుతుంది. ఆరోజు స్పందించే చెయ్యి లేదు. బ్రేకు పడింది. ఇంజన్ బరువంతా ముందుకి తోసింది. చక్రాలు కీచుమన్నాయి. వేగం దిగింది. ఇంకా దిగింది.

ఆగింది.

రెండు ఇంజన్ల మధ్య మిగిలిన దూరం 380 మీటర్లు.

పరీక్ష అక్కడితో అయిపోలేదు. ఎర్ర సిగ్నల్ వైపు నడిపారు. ఇంజన్ దాటలేదు, ముందే ఆగిపోయింది. స్టేషన్‌లో పక్కకి మళ్లే లూప్ లైన్‌లోకి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోనిచ్చారు. కవచ్ దాన్ని 30కి దించింది. లెవల్ క్రాసింగ్ గేటు దగ్గర పడుతుంటే ఎవరూ మీట నొక్కకుండానే హారన్ గట్టిగా మోగింది. పొలం గట్ల మీద నిలబడి చూసేవాళ్లకి అది మామూలు రైలు కూతే. ఆ కూత వెనక మనిషి చెయ్యి లేదని వాళ్లకి ఎలా తెలుస్తుంది?

సాయంత్రం టీవీల్లో 380 అన్న అంకె మోగిపోయింది. చప్పట్లు న్యాయమైనవే. కానీ ఆ కేబిన్‌లో ఇంకో ప్రశ్న కూడా ప్రయాణం చేసింది. యంత్రమే ఆపుతుంటే మనిషి మెలకువ ఏమవుతుంది?

* * *

1983లో లండన్‌లో లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ పరిశోధకురాలు చిన్న వ్యాసం ఒకటి రాసింది. ఫ్యాక్టరీలు, విమానాలు, కంట్రోల్ రూముల్లో పని యంత్రాలకి అప్పగిస్తున్న రోజులవి. ఆమె అన్నది స్థూలంగా ఇది. తేలిక పనులన్నీ యంత్రం తీసుకుంటుంది, అది చెయ్యలేని కష్టమైన పని మాత్రం మనిషికి మిగులుతుంది. రోజూ చెయ్యక చెయ్యి మొద్దుబారిన మనిషిని, యంత్రం చేతులెత్తేసిన క్షణంలోనే పిలుస్తాం. నలభై ఏళ్లు దాటినా ఆ వ్యాసాన్ని చదువుతూనే ఉన్నారు.

1991లో కాలిఫోర్నియాలో జిరాక్స్ పరిశోధనశాలలో మార్క్ వైజర్ ఇంకో కల కన్నాడు. కంప్యూటర్లు బల్లల మీంచి దిగి గోడల్లో, వస్తువుల్లో, దారుల్లో కలిసిపోయి, ఉన్నాయన్న స్పృహే మనకి లేకుండా పని చేస్తాయని. గుల్లగూడ దగ్గర స్లీపర్‌కి బిగించిన ట్యాగ్ ఆ కలే. దాని మీదుగా రోజూ వేల మంది పోతారు. చూసినవాడు ఉండడు.

ప్రయాణికుడు దాన్ని మర్చిపోయినా పరవాలేదు. పైలట్ మాత్రం మర్చిపోకూడదు. కవచ్ తయారు చేసేవాళ్లకి అసలు కష్టం ఇక్కడుంది. మరీ ముందే బ్రేకు పట్టేస్తే బండ్లు లేటవుతాయి, డ్రైవర్ దాన్ని సాధింపు మనిషిలా చూస్తాడు. మరీ ఆలస్యంగా పడితే అది ఉండి లాభం లేదు. ఎప్పుడూ అదే ఆపుతుందని పైలట్ అలవాటు పడితే, పసుపు దగ్గర పని చెయ్యాల్సిన బుర్ర నిద్రపోతుంది. యంత్రం చక్కగా పని చేసేకొద్దీ మనిషి బద్ధకించే ప్రమాదం పెరుగుతుంది. అందుకే అది ముందు హెచ్చరించాలి, తర్వాత ఆగి చూడాలి, ఆఖర్న మాత్రమే చెయ్యి వెయ్యాలి. ఈ వరసని సాధించడం ట్యాగ్ బిగించడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

ఇది ఉన్న చోటి బాధ. లేని చోటి బాధ ఆ పరీక్ష జరిగిన ఏడాదిన్నరకే తెలిసింది.

* * *

2023 అక్టోబర్ 29. ఆదివారం. విజయనగరం జిల్లా.

పొద్దు గూకింది. కంటకాపల్లి, అలమండ మధ్య చీకటి పడింది. విశాఖ నుంచి పలాస వెళ్లే ప్యాసింజర్ ముందుంది. అదే లైనులో దాని వెనక విశాఖ నుంచి రాయగడ వెళ్లే ప్యాసింజర్. ఆదివారం సాయంత్రం. ఇళ్లకి తిరిగి పోయేవాళ్లు, సోమవారం పనికి అందుకోవాల్సినవాళ్లు.

వెనక బండి ఆగలేదు.

బోగీలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. కరెంటు తీగలు తెగి ఊరి చుట్టూ చీకటి. చుట్టుపక్కల జనం సెల్‌ఫోన్ లైట్లతో పొలాలకి అడ్డంపడి పరుగెత్తుకొచ్చారు. 14 మంది చనిపోయారు. వాళ్లలో వెనక బండి లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ఉన్నారు. సిగ్నళ్లు దాటి వచ్చారని, మానవ తప్పిదమని రైల్వే చెప్పింది.

ఆ మార్గంలో కవచ్ లేదు.

మానవ తప్పిదం అన్న మాటతో దస్త్రం మూసేస్తే ఎలా? మనిషి తప్పు చేస్తాడని తెలుసు కాబట్టే కదా ఈ యంత్రాన్ని కట్టింది. తెలిసీ అది లేని దారిలో మనిషిని నిలబెట్టి, తప్పు చేశాడని చెప్పడం సగం నిజమే అవుతుంది. అప్పటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర కవచ్ ఉంది. దేశంలో రైలు మార్గం 68 వేల కిలోమీటర్ల పైమాటే. మిగతా దారుల్లో ఇప్పటికీ చాలాచోట్ల పైలట్‌కి తోడు తన కన్ను, పక్కనున్న అసిస్టెంట్ గొంతు మాత్రమే.

2024 జులైలో కవచ్ కొత్త రూపానికి, 4.0కి అనుమతి వచ్చింది. పని ఊపందుకుంది. పట్టాల మీద ట్యాగులు పెరుగుతున్నాయి, టవర్లు లేస్తున్నాయి, వేల మంది పైలట్లు కొత్త తెర ముందు కూర్చుని దాని భాష నేర్చుకుంటున్నారు.

ఆ భాషలో ఒక మాట దగ్గర కాస్త ఆగాలి. బండి బయల్దేరేటప్పుడు, లేదా ముందు దారి ఎంతవరకు ఖాళీయో రేడియోలో ఇంకా అందనప్పుడు, యంత్రం తన హద్దు తనే ఒప్పుకుంటుంది. తెర మీద స్టాఫ్ రెస్పాన్సిబుల్ అని పడుతుంది. ముందున్న సిగ్నల్ సంగతి నాకు తెలీదు, నువ్వే చూసుకో అని దానర్థం. ఊరికే చెప్పి ఊరుకోదు. పైలట్ బటన్ నొక్కి సరేననాలి. కవచ్ ఉన్న లైను అయిపోయి లేని లైను మొదలయ్యే చోట కూడా అతనికి ఆ సంగతి తెలిసి తీరాలి. తెలియకపోతే, యంత్రం చూసుకుంటుందిలే అన్న ధీమాతో లేని కాపలాని నమ్ముకుని పోతాడు. కాచిగూడ కేబిన్‌లో అసలు ఇలాంటి కాపలా లేదు. లేని కాపలాని నమ్ముకుని పోవడం దానికంటే ప్రమాదం.

అందుకే ఆ బటన్‌ని పైలట్ అలవాటుగా కాకుండా, చదివి, తెలిసి నొక్కాలి. ఆ క్షణం నుంచి బ్రేకు మళ్లీ పూర్తిగా అతనిదే.